వెలగని బటన్

ఆయన పోయిన సంగతి నాకు కోరుట్ల బస్టాండులో తెలిసింది. జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టి, చుట్టూ పూలదండ బొమ్మ అతికించి, కింద దండం బొమ్మ పెట్టారు. ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు. అందుకే మొదట గుర్తుపట్టలేదు. ఆ ఆఫీసులో నేను ఆయన పక్క కుర్చీలో పనిచేసినన్నాళ్లూ నవ్వగా చూసింది బహు తక్కువ. నవ్వు వచ్చినప్పుడల్లా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. మేం దాన్నే నవ్వు కింద జమకట్టుకునేవాళ్లం.

గుండెపోటట. సిరిసిల్లలో, ఇంట్లోనే. గ్రూపులో అందరూ వరసబెట్టి దండాలు పెడుతున్నారు. నేనూ పెట్టాను. బస్సొచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపేమీ రాలేదు. మేడిపల్లి దాటాక ఫోన్ తీసి చూసుకుంటే నా దండం రెండుసార్లు పోయి ఉంది. ఒకసారి పంపాక పోయిందో లేదోనని మళ్లీ ఒత్తినట్టున్నాను. అది నా అలవాటు కాదు, ఆయన అలవాటు.

ఏ బటనైనా ఆయన రెండుసార్లు ఒత్తేవాడు. ఏటీఎం, లిఫ్టు, ఎవరింటి కాలింగ్ బెల్ అయినా సరే. ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిస్తే, మొదటి గంటకే తలుపు తీసిన మా ఆయన ముఖం ముందే రెండోసారి గంట కొట్టాడు. తర్వాత నేను అడిగితే, అందులో వింతేముందన్నట్టు చూశాడు.

"మనోళ్లు ఒక్కపారి ఒత్తి ఊకుంటరా బిడ్డా? ఒత్తినంక ఏం కాకపోతే మల్ల ఒత్తుతరు. ఏమన్న అయితె సుత మల్ల ఒత్తుతరు. నువ్వేమో ఒక్కపారి ఒత్తి, పని చేస్తున్నది అని రాస్తవు."

మా పని వెబ్‌సైట్లు కట్టడం. ఆఫీసు జగిత్యాలలో, ఒక విత్తనాల దుకాణం పైన. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన వచ్చేది, పైకెక్కాక ఏసీ వాసన వచ్చేది. మల్యాల నుంచి వచ్చేదాన్ని నేను. ఆయనది సిరిసిల్ల. వారమంతా కోరుట్లలో అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి పోయేవాడు. మా ఓనరు కొడిమ్యాల దొరల ఇంటివాడు. తాతల నాటి గడీ ఎప్పుడో కూలిపోయింది, భూములు సగం పోయాయి, ఈయన ఎంబీఏ చదివి కంపెనీ పెట్టాడు. మంచివాడే. ఉద్యోగులను పేరు పెట్టి పిలవమనేవాడు. అందరం పిలిచేవాళ్లం, ఒక్క ఆయన తప్ప.

"నన్ను దొరా అనకు అన్నా, నలుగురిల బాగుండది."

"సరే దొరా."

ఆయన దాన్ని వెటకారంగా అనేవాడా, అలవాటుగా అనేవాడా అన్నది ఓనరుకు చివరిదాకా తేలలేదు. మాకూ తేలలేదు.

ఆయన తండ్రి సిరిసిల్లలో సాంచలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఎవరైనా పెద్దమనిషి ఆఫీసుకు వస్తే, ఓనరు ఆయన్ని పరిచయం చేస్తూ నేతకారుల బిడ్డ కాబట్టే కోడ్ పోగుపోగూ చూస్తాడని పొగిడేవాడు. వచ్చినవాళ్లు తలూపేవాళ్లు. ఆయనకు ఆ పొగడ్త గిట్టేది కాదు.

"మా నాయిన సాంచ నడిపిండు. నేను కంప్యూటర్ నడుపుతున్న. రెండింటికి కరెంట్ బిల్లొక్కటే కలుస్తది" అనేసి తన తెర వైపు తిరిగిపోయేవాడు.

శనివారం బస్సు కోసం ఆగినప్పుడు ఆయన ఒక పనిచేసేవాడు. మేం కొత్తగా కట్టిన సైటేదో తన ఫోన్‌లో తెరిచి, పక్కన కూర్చున్న ముసలామెకో, మేకపిల్లను పట్టుకున్నాయనకో చేతిలో పెట్టేవాడు. "జర గిది ఒత్తుండ్రి." "ఒత్తితె ఏమైతది?" "గదే చూద్దామని." ఫోన్ మోసాల సంగతి ఊరూరా తెలిసిన కాలం కదా, ఒకామె సంచి గుండెలకు హత్తుకొని ఓటీపీ దొంగ అని కేకలేసింది. జనం మూగారు. కానిస్టేబులొచ్చి సంగతేమిటని గద్దించాడు. ఈయన నెమ్మదిగా లేచి, అదే ఫోన్ కానిస్టేబుల్ చేతికిచ్చాడు. సోమవారం నాడు మాకు చెప్పిన సంగతల్లా ఒక్కటే, కానిస్టేబుల్ కూడా రెండుసార్లే ఒత్తాడని.

ఇక్కడ మా పని తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. ఏ వెబ్‌సైటుకైనా రెండు సగాలుంటాయి. ఒకటి ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. మీరు పంపింది తీసుకోవడం, దాచడం, అడిగితే ఇవ్వడం దాని పని. రెండోది మీ చేతిలో ఫోన్ తెర మీద నడుస్తుంది. బటన్ వెలిగించడం, ఆర్పడం, ప్రశ్న అడగడం, మైకు తెరవడం ఇదంతా దాని పని. మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే సైటు కట్టేందుకు ముందే తయారుగా దొరికే చట్రంలో, సమస్తం ఉండేది. డేటాబేస్ ఉంది, లాగిన్ ఉంది, రాసిన కోడ్‌కు పరీక్షలు పెట్టే సదుపాయమూ ఉంది. ఒక్క కమాండ్ కొడితే మేం రాసిన పరీక్షలన్నీ వరసగా నడిచి, చివరికి పచ్చటి గీత వచ్చేది. పచ్చగీత వస్తే కోడ్ జనంలోకి పోవచ్చు. ఎర్రగీత వస్తే ఆగాలి.

అయితే ఆ కమాండ్ పరీక్షించేది సర్వర్ సగాన్నే. తెర మీద నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌ను ఫ్రేమ్‌వర్క్ ఒక ఫొటోను మోసినట్టు మోసి అవతల పడేసేది. అందులో ఏముందో దానికి పట్టదు. తెర సగానికి కూడా పరీక్షలు లేకపోలేదు. వేరే ఫోల్డర్‌లో, వేరే పనిముట్టుతో, వేరే కమాండ్‌తో ఉండేవి. వాటిని రాసినతను హైదరాబాద్ పోయాడు. ఆ తర్వాత వాటిని నడిపినవాళ్లు లేరు.

నేను సర్వర్ సగం మనిషిని. సాయంత్రాలు పచ్చగీత చూసుకొని, సంచి సర్దుకుంటూ, "అన్నీ పాసైనయ్ సార్" అనేదాన్ని. ఆయన తల తిప్పకుండానే అడిగేవాడు.

"ఏవి అన్ని?"

ఎన్ని సాయంత్రాలు అడిగాడో. నాకు ఒళ్లు మండేది. నా పరీక్షలు నేను శుభ్రంగా రాసేదాన్ని, అందులో ఎవరూ వేలు పెట్టలేరు. అయినా "అన్నీ" అన్న మాట ఆయన ముందు అనాలంటే నోరు తడబడేది. ఒకరోజు విసిగి, "నా సగంల అన్ని సార్" అన్నాను. "గట్ల చెప్పు" అన్నాడు. అంతే, అందులో గెలిచిన సంబరమేమీ లేదు.

ఆయన కోరేది ఒక్కటే. తెర పరీక్షలు కూడా ఫ్రేమ్‌వర్క్ సొంత కమాండ్‌లోనే కలిసి నడవాలి. ఒకే కమాండ్, ఒకే గీత. ఏ సగం తప్పినా మొత్తం ఎర్రబడాలి. వేరేగా ఉంటే ఎవరూ నడపరని ఆయన వాదన. దీని మీద మీటింగుల్లో నెలల తరబడి అదే సంభాషణ జరిగేది.

"గిది ఎవరన్న అడిగిండ్రా అన్నా?" అని ఓనరు.

"ఎవరు అడుగలే దొరా."

"మరి? ఇప్పుడే పరీక్షలు నడిచేసరికి యాష్టకొస్తున్నది. మధ్యల బ్రౌజర్ తెరుసుడు, ఒత్తుడు, మూసుడు పెడితె ఇంకెంత లేటైతది?"

"చాయ్ తాగుండ్రి."

ఓనరు నా వైపు చూసేవాడు. నేను ఓనరు పక్షమే. కొత్తది కట్టడానికే చేతులు చాలని ఆఫీసులో, ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ తట్టి చూసేందుకు మనుషులెక్కడున్నారు? ఈ మాట నేను ఇప్పటికీ తప్పనను. చిన్న ఆఫీసుల లెక్క అట్లాగే ఉంటుంది.

ఆ రోజుల్లోనే జగిత్యాలలోని ఒక ధర్మ కంటి ఆసుపత్రికి సైటు కట్టాం. కంట్లో పొర వచ్చిన ముసలివాళ్లు ఇంటి నుంచే ఫోన్‌లో నమోదు చేసుకుంటే, వారం వారం ఆసుపత్రి బస్సు ఊరికే వచ్చి ఎక్కించుకుపోయి, ఆపరేషన్ చేయించి దింపుతుంది. చదువు రానివాళ్ల కోసం ఫోనే గొంతుతో ప్రశ్న అడుగుతుంది. మనం నోటితో జవాబు చెప్తే అదే రాసుకుంటుంది. అన్నిటికీ జవాబు చెప్పాక కింద పెద్ద బటన్ పచ్చగా వెలుగుతుంది. ఒత్తితే బస్సులో సీటు ఖాయం. ఓనరు దాన్ని కనిపించినవాళ్లకల్లా చూపించి మురిసిపోయేవాడు. నిజంగానే మురవదగ్గ పని.

మల్యాల, కొడిమ్యాలవాళ్లకు ఆసుపత్రి దగ్గర. సైటు సంగతి ఎట్లా ఉన్నా మామూలు బస్సెక్కి వచ్చేసేవాళ్లు. దూరం రుద్రంగికే. అక్కడి ముసలివాళ్లకు ఆ బస్సే దిక్కు. ఆ బస్సేమో ఒకరిద్దరు మగవాళ్లతో, ఒక్కోసారి వట్టిగానే తిరిగి వచ్చేది. ఆసుపత్రి మేనేజరు మాకు ఫోన్ చేశాడు.

"రుద్రంగోళ్లకు అవసరం లేనట్టున్నది. ఇంకొక్క వారం చూసి గా బస్సు బందు పెడ్తం. సైటుల ఏమన్న తేడా ఉంటె చెప్పుండ్రి."

నేను సర్వర్ రికార్డులన్నీ తిరగేశాను. రుద్రంగి నుంచి వచ్చినవి కొన్నే, వచ్చిన ప్రతిదీ సక్రమంగా నమోదైంది. ఎక్కడా తప్పు లేదు. పరీక్షలు నడిపాను, పచ్చగీత. ఇంత నిక్కచ్చిగా ఉన్న సైటు నేనెప్పుడూ చూడలేదు. అదే మాట ఆయనతో అన్నాను.

"ఒక్క ఎర్రర్ లేదు సార్."

"ఎవరన్న లోపటికి వస్తె గదా బిడ్డా ఎర్రర్ వచ్చేది."

తెర మీదే ఆగిపోయిన మనిషి సర్వర్‌కు పుట్టనే పుట్టనట్టు. ఆయన కంప్యూటర్ ఆపేసి లేచాడు. "రేపు పొద్దుగాల కోరుట్లకు రా. రుద్రంగి పోదాం" అన్నాడు.

కోరుట్ల నుంచి రుద్రంగి పోయేది ఆయన ప్రతి శనివారం ఎక్కే సిరిసిల్ల బస్సే. దారంతా కళ్లు మూసుకొనే కూర్చున్నాడు, దిగాల్సిన చోటికి సరిగ్గా తెరిచాడు. దిగాక ఏ ఆఫీసుకూ పోలేదు, ఎవరినీ అడగలేదు. రోడ్డు పక్క ఒక ఇంటి అరుగు మీద ఆడవాళ్లు నలుగురైదుగురు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటే వాళ్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"కంటి దవాఖాన బస్సొస్తదంట, ఎరికేనా?"

"ఎరికే సార్" అంది తునికాకు కత్తిరిస్తున్న ఒకామె. "మా అత్తకు చేపిద్దామనుకున్నం. గా ఫోన్ల తీసుకుంటలేదు."

అత్త గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. రెండు కళ్ల మీదా తెల్లటి పొర. మేమెటున్నామో గొంతును బట్టి తెలుసుకొని అటు ముఖం తిప్పుతోంది.

"ఒక్కపారి మా ముందట చెయ్యి అవ్వా" అన్నాడాయన.

కోడలు ఫోన్‌లో సైటు తెరిచి, ఆడవాళ్ల గుర్తు ఒత్తి, అత్త చేతిలో పెట్టింది. ఫోన్ పేరడిగింది. అవ్వ అవతలి చేనులో ఉన్న మనిషికి వినబడేట్టు చెప్పింది. వయసడిగింది. "అరవై ఏసుకో" అంది, అది వేసుకుంది. ఊరడిగింది, చెప్పింది. అప్పుడు ఫోన్ తీయటి గొంతుతో అడిగింది, మీ భర్త పేరు చెప్పండి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీద మైకు గుర్తు ఎర్రగా కొట్టుకుంటూ కాసేపు ఎదురుచూసి, ఆగిపోయింది. తప్పని చెప్పలేదు, మళ్లీ అడగలేదు. కింద బటన్ బూడిదరంగులో అట్లాగే ఉంది. అవ్వ దాన్ని వేలితో తడిమి ఒత్తింది. ఏమీ కాలేదు. మళ్లీ ఒత్తింది. తర్వాత ఫోన్ కోడలికి ఇచ్చేసింది.

"పేరు చెప్పాలె అవ్వా" అన్నాను నేను.

"ఏం మాట బిడ్డా గది!"

"మా అత్త చెప్పది మేడం" అంది కోడలు.

"పోనీ నువ్వు చెప్పు."

కోడలు కత్తెర ఆపి నాలుక కరుచుకుంది. "మామ పేరు నేనెట్ల చెప్త?"

అరుగంతా నవ్వింది. మొగుడి పేరు పెళ్లాం పలకదు, మామ పేరు కోడలు పలకదు. మా నాయనమ్మా పలకలేదు. నేను పుట్టి పెరిగిన పద్ధతే అది. అయినా ఆ ప్రశ్న తెర మీద ఉందని తెలిసిన నాకు ఒక్కసారీ తట్టలేదు. అవ్వ నా గొంతు వైపు తిరిగింది.

"నువ్వు చెప్తవా బిడ్డా, మీ ఆయన పేరు?"

చెప్పాను. ఒకామె చెవులు మూసుకుంది. ఇంకొకామె నవ్వాపుకోలేక చాట పక్కన పెట్టేసింది.

"మరి ఇంట్ల మొగోళ్లతోని చెప్పియ్యరాదు?" అని అడిగాను.

"పొలం కాడికెల్లి పొద్దూకినంక వస్తరు, తిని పంటరు. అడుగుతె రేపు చూద్దాం అంటరు" అంది కోడలు.

ఆయన ఇదంతా మెట్టు మీద కూర్చొని విన్నాడు. పక్కింటామెతోనూ చేయించాడు. ఆమె కూడా అక్కడే ఆగింది. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు, ఎవరికీ ఏదీ నేర్పబోలేదు. పేరు చెప్తే ఏమైతదమ్మా అని ఒక్క మాట అంటాడేమోనని చూశాను, అనలేదు. అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి, రుద్రంగి బస్సు ఆపొద్దని, ఇప్పటికి ఈ అవ్వకూ పక్కింటామెకూ సీట్లు ఉంచమని చెప్పాడు. "నీ పెనిమిటి పేరు మాకు అక్కెర లేదు అవ్వా" అన్నాడు. "గట్ల చెప్పు ముందుగాల" అంది అవ్వ.

తిరుగు బస్సులో నాతో అన్నాడు.

"భర్త పేరు లేకుంటె నీ సర్వర్ ఏం చేస్తది?"

"తీసుకుంటది సార్. దానికి పరీక్ష సుత రాసిన. పాసైతున్నది."

"తీసుకునేతందుకు నువ్వు తయారే. ఇచ్చేతందుకు ఆమె తయారే. నడుమల గా తెర ఉన్నది సూడు, దాన్ని ఎవలడిగిండ్రు?"

దిద్దుబాటు ఒక్క లైను, భర్త పేరు తప్పనిసరి కాదనడమే. మధ్యాహ్నానికి ఆఫీసు చేరి, అన్నం తినకుండా దాన్ని మార్చి జనంలోకి పంపేశాడు. పరీక్ష రాసేదాకా దేన్నీ కదలనివ్వని మనిషి, ఆ రోజు మాత్రం అవ్వలాంటివాళ్లు ఇంకా ఆగలేరని ముందు దిద్దాడు. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు.

"అయిపాయె గదా అన్నా."

"కాలే దొరా. ఇయ్యాల నేను పోయి చూసిన. రేపు ఎవరు పోతరు?"

ఈసారి ఓనరు కాదనలేకపోయాడు. ఆయన కూర్చున్నాడు. ఫ్రేమ్‌వర్క్ సొంత పరీక్షల కమాండ్‌ను పట్టుకొని, దాని పొట్టలోనే తెర పరీక్షలకు చోటు చేశాడు. ఇప్పుడు కమాండ్ కొడితే ముందు నా సర్వర్ పరీక్షలు నడుస్తాయి. తర్వాత ఒక తాత్కాలిక సర్వర్ లేస్తుంది, ఉత్తుత్తి మనుషులతో ఒక డేటాబేస్ నిండుతుంది, కిటికీ కనిపించని బ్రౌజర్ ఒకటి తెరుచుకొని అసలు పేజీనే తెచ్చుకుంటుంది. ఆ మనుషులు మాట్లాడతారు, ఒత్తుతారు, తిప్పుతారు. ఫలితం తిరిగొచ్చి నా లెక్కలోనే కలుస్తుంది. చివర ఒకే గీత.

చెప్పినంత తేలిగ్గా కాలేదు. పేజీ పూర్తిగా రాకముందే పరీక్ష బటన్ ఒత్తేసేది, లేని తప్పుకు ఎర్రగీత వచ్చేది. మళ్లీ నడిపితే పచ్చగా వచ్చేది. ఆఫీసులో కుర్రాళ్లు దానికి దయ్యం పట్టిందనేవాళ్లు. పని ఆగిపోతోందని ముఖం మీదే గొణిగేవాళ్లు. ఆయన ఒక్కొక్క దయ్యాన్ని పట్టుకొని ఎందుకట్లా చేస్తోందో తెలుసుకొని వదిలించేవాడు. పరీక్షలు నడుస్తున్నంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకొని తెర వైపే చూస్తూ కూర్చునేవాడు. ఫోన్ ముట్టడు, మాట్లాడడు. ఎవరైనా పలకరిస్తే చేత్తోనే ఆగమనేవాడు.

అందరూ ఉత్తుత్తి మనుషులకు యూజర్ ఒకటి, యూజర్ రెండు అని పేర్లు పెడతారు. ఆయన మనుషులు అట్లా ఉండరు. చేను గట్టు దాటగానే సిగ్నల్ పోయే రైతు ఒకాయన. ఫోన్ అడ్డం తిప్పి చూసే తాత ఒకాయన. ఒకే ఫోన్‌లో వాడకట్టు అందరికీ చేసిపెట్టే కోడలు, ముందామె పేరు చెరిపేయడం మరిచిపోతుంది. అందరికన్నా ఎక్కువ కాలం తీసుకుంది అవ్వే. మాట్లాడే మనిషిని పరీక్షలో పెట్టడం సులువు, ముందే పలికి పెట్టుకున్న గొంతును వినిపిస్తే సరిపోతుంది. ఊరుకున్న మనిషిని ఎట్లా పెట్టాలి? ఉత్తుత్తి మైకు ఒకటి తయారుచేసి, అందులోంచి ఏమీ రాకుండా చేసి, మైకు ఆగిపోయేదాకా కాచుకొని, అప్పుడు బటన్ వెలిగిందా అని చూడాలి. నేను ఈ వృత్తిలో చాలా కోడ్ చదివాను. ఎవరూ నోరు విప్పని ఆ పరీక్షంత బాగా రాసింది మరొకటి చూడలేదు. దానికి పేరు తెలుగు అక్షరాల్లోనే పెట్టాడు, "ఊకున్నా వెలగాలె" అని.

"తెలుగు రానోళ్లు చదువుతె ఎట్ల సార్?" అన్నాను.

"అడుగుతరు. అడుగుతె చెప్పు."

అది అక్కరకొచ్చిన రోజూ చూశాను. ఆసుపత్రివాళ్లు తెర అంతా కొత్తగా చేయమన్నారు. కొత్తగా చేరిన కుర్రవాడు చురుకైనవాడు, చకచకా కట్టేశాడు. కడుతూ కడుతూ అన్ని ప్రశ్నలకూ జవాబు తప్పనిసరి చేశాడు. ఎవరైనా అట్లాగే చేస్తారు. కొత్త తెర మొదలయ్యే రోజు పొద్దున ఆసుపత్రి పెద్దలు కింద కారులో ఉన్నారు. కమాండ్ కొట్టాం. నావన్నీ దాటాయి. చివరికి ఎర్రగీత.

"ఒక్కటే గదా అన్నా పోయింది, అన్ని మంచిగనే ఉన్నయి. రేపు దిద్దుకుందాం" అన్నాడు ఓనరు, మెట్ల వైపు చూస్తూ.

ఆయన చేతులు ఒళ్లోంచి తీయలేదు. "ఏ ఒక్కటి దొరా?"

ఓనరు వంగి పరీక్ష పేరు చదివాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత కిందికి పోయి, వచ్చినవాళ్లకు చాయ్ తాగిద్దామని దుకాణం అబ్బాయిని పంపాడు. అవతల కుర్రవాడు దిద్దడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు నేను ఆ ఆఫీసు మారాను. ఆయన కూడా సిరిసిల్ల పోయి ఇంటి నుంచే పనిచేసుకుంటున్నాడని విన్నాను. పండుగలకు మెసేజ్ పెడితే జవాబిచ్చేవాడు కాదు. సైటులో ఏదైనా తప్పు చూస్తే మాత్రం తనే ఫోన్ చేసేవాడు, క్షేమసమాచారం అడక్కుండానే తప్పు చెప్పి పెట్టేసేవాడు. ఆయనంటే నాకు విసుగుండేది. ఇష్టమూ ఉండేది, విసుగుకన్నా ఎక్కువే ఉండేది. ఆ ఇంటి ముందు షామియానా వేసి ఉంటుందిప్పుడు. రేపు పోవాలి.

ఆయన గురించి ఎవరైనా అడిగితే నేను ఇంతవరకే చెబుతుంటాను. మొండివాడనీ, చివరికి మాట నెగ్గించుకున్నాడనీ విని సంతోషిస్తారు. అవ్వ కంటి కట్టు విప్పిన రోజు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మేం రుద్రంగి పోయి వచ్చిన వారానికే ఆసుపత్రి బస్సు ఆ ఊరి ఆడవాళ్లతో నిండి వచ్చింది. అందులో అవ్వ కూడా వచ్చింది, ఆపరేషన్ అయింది. కట్టు విప్పే పూట ఆయన ఆసుపత్రికి బయల్దేరితే నేనూ వెంట పోయాను. లోపలికి పోకముందే వరండాలో డాక్టరమ్మ మమ్మల్ని ఆపింది. అవ్వ బంధువులమనుకున్నట్టుంది.

"ఎడమ కన్ను బాగొచ్చింది. కుడి కంటికి చూపు రాదు. శుక్లం బాగా ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిన్నది. ఎండాకాలంలో తీసుకొచ్చి ఉంటే రెండూ దక్కేవి. ఇంత ఆలస్యం చేస్తే ఎట్లా?"

మా సైటు ఎండలు ముదరకముందే మొదలైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అవ్వ మంచం మీద నల్లద్దాలు పెట్టుకొని కూర్చుని ఉంది. మేం వచ్చామని చెప్పి కోడలు ఆ అద్దాలు కొంచెం పైకెత్తింది. అవ్వ ఎడమ కంటితో ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"నువ్వేనా కొడుకా! గొంతును వట్టి మంచి ఎర్రగుంటవనుకున్న. గింత నల్లగున్నవేంది?"

కోడలు నవ్వింది, పక్క మంచాలవాళ్లూ నవ్వారు. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"కన్ను గంత ముదిరేదాంక ఎందుకు ఊకున్నవ్ అవ్వా?"

"ఊకుంటినా? అయ్యో, పొద్దున లేస్తె గదే పని కొడుకా. కోడలు ఫోన్ తెరిచి ఇస్తె రోజు ఒత్తిన. ఎండాకాలమంత ఒత్తిన" అంది అవ్వ. తర్వాత, నిజంగానే తెలుసుకోవాలని, మా ఇద్దరి వంకా చూసి అడిగింది. "మీకు ఇనవడలేదా?"

"ఇనవడలే అవ్వా" అన్నాడాయన.